ముప్ఫై గొంతుల ఆర్కెస్ట్రా

వయొలిన్ లేదు. పియానో లేదు. కనీసం ఓ వెదురు పిల్లనగ్రోవి కూడా లేదు. చుట్టూ ముళ్లకంచె, తుపాకులు పట్టుకున్న కాపలావాళ్లు. కడుపులో ఆకలి, ఒంట్లో మలేరియా. అలాంటి చోట ముప్ఫై మంది ఆడవాళ్లు కలిసి ఓ ఆర్కెస్ట్రా పెట్టారు. ప్రపంచ ప్రసిద్ధ సింఫొనీలనూ పియానో రచనలనూ ఉత్త గొంతులతోనే వినిపించారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, సుమత్రా దీవిలోని ఓ జపాన్ నిర్బంధ శిబిరంలో జరిగిన కథ ఇది.

1943 డిసెంబరు 27. పాలెంబాంగ్ పట్టణంలోని ఆడవాళ్ల శిబిరం. సాయంత్రం పూట ఖైదీలంతా ఒకచోట చేరారు. ఉన్నవాటిలో కాస్త మంచి బట్టలు వేసుకున్నారు. ‘మంచివి’ అంటే చిరుగులు తక్కువగా ఉన్నవని అర్థం. పాడేవాళ్లు తలా ఒక చిన్న పీట చేత్తో పట్టుకుని వరుసగా వచ్చి కూర్చున్నారు. కచేరీ అయ్యేదాకా నిలబడే ఓపిక వాళ్లలో ఎవరికీ లేదు మరి! చాలామంది కాళ్లకు చెప్పుల్లేవు.

ముందుగా ఓ పెద్దావిడ లేచి నాలుగు మాటలు చెప్పారు. కళ్లద్దాలు, పొట్టి జుట్టు, నిదానమైన మనిషి. ఆవిడ పేరు మార్గరెట్ డ్రైబర్గ్. శిబిరంలో అందరికీ ‘మిస్ డ్రైబర్గ్’. తర్వాత నోరా చాంబర్స్ వచ్చి గాయనుల ముందు నిలబడ్డారు. చెయ్యి పైకెత్తారు. అంతే... ముప్ఫై గొంతుల్లోంచి సన్నగా, మెల్లగా ఓ నాదం మొదలైంది. అందులో మాటల్లేవు. ఉన్నదంతా స్వరమే. చెక్ స్వరకర్త ద్వోర్జాక్ రాసిన ‘న్యూ వరల్డ్’ సింఫొనీలోని నెమ్మదైన రెండో భాగం అది. ఆ సింఫొనీని న్యూయార్క్‌లో తొలిసారి వినిపించింది 1893 డిసెంబరులో. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, మళ్లీ డిసెంబరులోనే, భూగోళానికి ఈ చివర ఆకుల కప్పుల పాకల మధ్య అది ఇలా వినిపించింది.

ఆ పాట మొదలయ్యాక ఏం జరిగిందో తెలియాలంటే, అసలు ఆ ఆడవాళ్లంతా అక్కడికెలా వచ్చారో ముందు తెలియాలి.

సింగపూర్ కూలింది!

1942 ఫిబ్రవరి. ‘ఎవరూ కదిలించలేని కోట’ అని బ్రిటిష్‌వాళ్లు చెప్పుకున్న సింగపూర్ ఆ నెల 15న జపాన్ చేతికి చిక్కింది. దానికి రెండు మూడు రోజుల ముందు రేవులో పెద్ద తొక్కిసలాట. ఆడవాళ్లు, పిల్లలు, నర్సులు దొరికిన ఓడ ఎక్కి పారిపోయే ప్రయత్నం చేశారు. పదుల కొద్దీ ఓడలు బయల్దేరాయి. వాటిలో చాలావాటిని జపాన్ విమానాలు బాంబులు వేసి ముంచేశాయి. కొన్నింటిని దారిలోనే పట్టుకున్నారు.

నోరా చాంబర్స్ ఎక్కిన ఓడ ‘వైనర్ బ్రూక్’. లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో వయొలిన్ నేర్చుకున్న మనిషి ఆమె. పెళ్లయ్యాక ఇంజినీరైన భర్తతో మలయాలో కాపురం. చిన్న కూతుర్ని ముందే వేరే ఓడలో ఎక్కించి పంపేశారు. అది చేరిందో లేదో తెలియదు. అదే ఓడలో అరవై అయిదు మంది ఆస్ట్రేలియా సైనిక నర్సులూ ఉన్నారు. ఫిబ్రవరి 14న బంకా దీవి దగ్గర ఆ ఓడ మునిగింది. నర్సుల్లో పన్నెండు మంది నీళ్లలోనే పోయారు. ఈదుకుంటూ, తెప్పల మీద కొట్టుకుపోతూ మిగతావాళ్లు తలో చోట తేలారు.

వాళ్లలో ఇరవై రెండు మంది నర్సులు ఓ ఇసుక తీరానికి చేరారు. గాయపడ్డవాళ్లకు సేవ చేస్తూ అక్కడే ఉండిపోయారు. ఫిబ్రవరి 16న జపాన్ సైనికులు వచ్చారు. నర్సులందర్నీ సముద్రంలోకి నడవమన్నారు. నడుం లోతు నీళ్లలోకి వెళ్లాక వెనక నుంచి కాల్చేశారు. ఇరవై ఒక్కమంది చనిపోయారు. ఒక్కరు బతికారు... వివియన్ బుల్‌వింకెల్. గుండు ఆమె ఒంట్లోంచి దూసుకుపోయినా ప్రాణం మిగిలింది. కొన్నాళ్లకు ఆమె కూడా బందీగా అదే శిబిరానికి చేరారు. తీరంలో జరిగింది చూసిన మనిషి బతికే ఉందని తెలిస్తే జపాన్‌వాళ్లు ఊరుకోరు. అందుకే తోటి నర్సులంతా ఆ సంగతి గుట్టుగా ఉంచారు. మూడున్నరేళ్లపాటు ఆ రహస్యం బయటికి పొక్కలేదు. యుద్ధం ముగిశాక టోక్యోలో జరిగిన యుద్ధ నేరాల విచారణలో ఆమె స్వయంగా సాక్ష్యం చెప్పారు.

డ్రైబర్గ్ ఎక్కింది మరో ఓడ, ‘మాతా హారి’. అది మునగలేదు కానీ జపాన్ నౌకాదళానికి దొరికిపోయింది. ఇంగ్లండ్‌లో పుట్టిన ఆమె టీచరు, క్రైస్తవ మిషనరీ. చైనాలో కొన్నేళ్లు, తర్వాత సింగపూర్లో చాలా ఏళ్లు పనిచేశారు. పట్టుబడేనాటికి ఆమె వయసు యాభై దాటింది.

ఇక డచ్‌వాళ్లు. అప్పట్లో ఇండొనేసియా వాళ్ల వలస రాజ్యం. తరాలుగా అక్కడే ఉంటున్న కుటుంబాల్లోని ఆడవాళ్లను, పిల్లలను, ఆసుపత్రులు నడిపే సన్యాసినులను కూడా తెచ్చి అదే శిబిరంలో పెట్టారు. హెలెన్ కొలైన్, ఆమె చెల్లెళ్లు ఆంటోనెట్, అలెట్ కూడా ఆ శిబిరంలోని డచ్‌వాళ్లే. వీళ్ల తాత హెండ్రికస్ కొలైన్ నెదర్లాండ్స్‌కు ప్రధానిగా చేసిన మనిషి. ముళ్లకంచె లోపల ఆ పేరుకు దక్కిన ప్రత్యేక మర్యాదేమీ లేదు.

ఒకే కప్పు... రెండు లోకాలు

కష్టం వస్తే మనుషులంతా వెంటనే ఒక్కటైపోతారని కథల్లో రాస్తారు. పాలెంబాంగ్‌లో అలా జరగలేదు.

మొదట్లో వాళ్లను ఓ వీధిలోని పధ్నాలుగు ఇళ్లలో కుక్కారు. ఒక్కో కుటుంబం కోసం కట్టిన ఇంట్లో ముప్ఫై మంది దాకా ఉండాల్సి వచ్చింది. డచ్‌వాళ్లు స్థానికులు కాబట్టి పరుపులు, గిన్నెలు, బట్టలు, కాస్త డబ్బు వెంట తెచ్చుకోగలిగారు. ఓడలు మునిగి వచ్చిన బ్రిటిష్, ఆస్ట్రేలియా ఆడవాళ్ల దగ్గర ఒంటిమీద గుడ్డ తప్ప మరేమీ లేదు. డబ్బు కోసం వాళ్లు డచ్ ఆడవాళ్లకు కట్టెలు కొట్టిపెట్టారు. బట్టలు ఉతికారు, చిన్నాచితకా పనులు చేశారు. ఇద్దరి భాషలూ వేరు. ‘వాళ్లకేం... అన్నీ ఉన్నాయి’ అని ఇటువాళ్లు, ‘వీళ్ల వల్లే కదా సింగపూర్ పోయింది’ అని అటువాళ్లు. పొయ్యి దగ్గర గొడవ. నీళ్ల దగ్గర గొడవ. నలుగురు కోడళ్లున్న ఉమ్మడి కుటుంబంలోనే వంటింట్లో సర్దుకోవడం కష్టం. అక్కడ ఉన్నది సుమారు ఆరువందల మంది!

రోజూ లెక్కింపు ఉండేది. దాన్ని ‘టెంకో’ అనేవాళ్లు. ఎండలో వరుసగా నిలబడాలి, అధికారులకు వంగి నమస్కరించాలి. ఒంగడం సరిగ్గా లేకపోతే చెంపదెబ్బ. తిండి అంటే రాళ్లు కలిసిన కాస్త అన్నం, వాడిపోయిన ఆకుకూర. మరుగుదొడ్ల గుంటలు వాళ్లే ఎత్తిపోసుకోవాలి. 1943 సెప్టెంబరులో వాళ్లను మగ ఖైదీలు ఖాళీచేసిన బారకుల్లోకి మార్చారు. అక్కడికి జపాన్ సైనికులు వస్తారనుకున్న మగవాళ్లు, వెళ్తూ వెళ్తూ ఆ చోటునంతా కావాలని పాడుచేసి పోయారు. తీరా వచ్చింది వాళ్ల భార్యలు, అక్కచెల్లెళ్లు, పిల్లలు. ఆ సంగతి తెలిశాక మగవాళ్ల మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవాల్సిందే.

పాట అనేది శిబిరంలో మొదటి నుంచీ ఉంది. డ్రైబర్గ్ ఖాళీగా కూర్చునే రకం కాదు. ఆదివారం ప్రార్థనలు నడిపేవారు. చేతిరాత పత్రిక తెచ్చారు. బొమ్మలు వేసేవారు. ఎవరి పుట్టినరోజు వచ్చినా పద్యం రాసి ఇచ్చేవారు. బందీల కోసం ఆమే ఓ ప్రార్థనా గీతం రాసి బాణీ కట్టారు. 1942 జులై 5న దాన్ని తొలిసారి పాడారు. ఆ తర్వాత ఆదివారం ప్రార్థనల్లో ఆ గీతం మామూలైంది.

ఆ ఏడాది క్రిస్మస్ రోజుల్లో మరో ఘటన జరిగింది. కొత్త శిబిరం కట్టే పనికోసం మగ ఖైదీలను దూరంగా ఉన్న దారిలో నడిపించుకు పోతున్నారు. కంచె ఇవతల నుంచి ఆడవాళ్లు క్రిస్మస్ పాట ఎత్తుకున్నారు. నడుస్తున్నవాళ్లు ఆగిపోయారు. తర్వాత మగవాళ్లు అటువైపు నుంచి పాట రూపంలోనే జవాబిచ్చారు. ఆ గుంపులో తన భర్త ఉన్నాడో లేదో కళ్లకు ఆనదు. ఉత్తరాలకు వీల్లేదు. పాట మాత్రం కంచె దాటింది.

పాటకు మాటలెందుకు?

ఇంగ్లిష్ పాటలు పాడుకుంటే డచ్‌వాళ్లకు పట్టదు. డచ్ పాటలైతే వీళ్లకు అర్థం కాదు. పైగా శిబిరంలో కాగితం దొరకడమే గగనం, ఇక పాటల పుస్తకాలెక్కడివి? ఆ సమయంలో నోరా చాంబర్స్, డ్రైబర్గ్ కలిసి ఓ ఆలోచన చేశారు... అసలు మాటలే లేకుండా పాడితే? ఆర్కెస్ట్రా వాయించే సంగీతాన్ని గొంతులతో పలికిస్తే?

చెప్పినంత తేలిక కాదది. మన కచేరీల్లో పదిమంది కలిసి పాడినా సాధారణంగా అందరూ పలికేది ఒకే స్వరం. పాశ్చాత్య సింఫొనీ పద్ధతి వేరు. అందులో ఒకే క్షణంలో నాలుగైదు వేర్వేరు స్వరాలు కలిసి మోగాలి. ఒక వరస పైకి పోతుంటే మరొకటి కిందికి దిగుతుంది. ఇంకొకటి కదలకుండా ఆధార శ్రుతిలా నిలబడుతుంది. ఏ ఒక్కటి తప్పినా మొత్తం చెడుతుంది. అందుకే ఎవరి భాగం వాళ్లకు విడివిడిగా రాసివ్వాలి.

ఆ రాతపని డ్రైబర్గ్‌ది. ఆమెకు గొప్ప ధారణశక్తి. ఎప్పుడో విన్న, వాయించిన రచనలను ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకుంటూ, దొరికిన కాగితం ముక్కల మీద స్వరలిపిలో రాయడం మొదలుపెట్టారు. చేతిలో ఒక్క పుస్తకం లేదు. సరిచూసుకోవడానికి పియానో లేదు. అచ్చం ఉన్నట్టు రాస్తే కూడా సరిపోదు. ఆర్కెస్ట్రాలో చెల్లోలు, పెద్ద వయొలిన్లు పలికే మంద్ర స్వరాలను మామూలుగా మగ గొంతులకు ఇస్తారు. ఇక్కడ మగ గొంతే లేదు. కాబట్టి మొత్తం రచనను ఆడవాళ్ల గొంతుకు అందే పరిధిలోకి మార్చి, రెండు హెచ్చు వరసలు, రెండు తగ్గు వరసలుగా నాలుగు పాయలు చేయాలి. ద్వోర్జాక్, బీథోవెన్, చోపిన్, మెండెల్సన్, బ్రామ్స్, డెబ్యూసీ... ఇలా ముప్ఫై దాకా రచనలు ఆ ఇద్దరి కృషితో శిబిరంలో కాగితం మీదికి వచ్చాయి.

చోపిన్ రచనల్లో ‘రెయిన్‌డ్రాప్’ అని పేరుపడ్డ పియానో ఖండిక ఒకటుంది. అందులో ఒకే స్వరం చూరు నుంచి నీటిచుక్క పడ్డట్టు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. పియానో మీదైతే ఒక వేలి పని. గొంతుతో అయితే శ్వాస కావాలి. బక్కచిక్కిన మనిషికి అన్నిటికంటే తక్కువగా ఉండేది అదే. అయినా పాడారు.

గొంతులను వాద్యాల్లా మార్చే పని నోరాది. ఏ చోట ‘ఊ’ అనాలి, ఎక్కడ ‘ఆ’ అనాలి, ఎక్కడ నోరు మూసుకుని కూనిరాగం తీయాలి, ఎక్కడ నాలుకతో ‘లూ’ అని స్వరాన్ని మీటాలి... అన్నీ ఆమే నిర్ణయించేవారు. కమాను తీగను తాకినప్పుడు వచ్చే తొలి శబ్దం వయొలిన్ కళాకారిణికి తెలిసినట్టు మరెవరికి తెలుస్తుంది! సాధన చిన్న చిన్న గుంపులుగా జరిగేది. కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, రోగులకు సేవ చేసి అలసిపోయాక సాయంత్రం పాడేవాళ్లు. ఆస్ట్రేలియా నర్సు బెట్టీ జెఫ్రీ, డచ్ అమ్మాయి ఆంటోనెట్ కొలైన్ ఇద్దరూ ఆ బృందంలో ఉన్నారు. నీళ్ల తొట్టి దగ్గర పోట్లాడుకున్న రెండు జట్లవాళ్లు ఇప్పుడు పక్కపక్కనే కూర్చుని, ఒకరి స్వరం కోసం ఇంకొకరు చెవి ఒగ్గి వినాల్సి వచ్చింది. పక్కవాళ్లను వినకుండా అందులో పాడడం కుదరదు.

దీన్ని వాళ్లు కోరస్ అనలేదు. ‘గొంతుల ఆర్కెస్ట్రా’ అనే పిలుచుకున్నారు.

పరుగెత్తుకొచ్చిన సైనికుడు

మళ్లీ ఆ డిసెంబరు 27కు వద్దాం. ఖైదీలు అంతమంది ఒకచోట చేరడం కాపలావాళ్లకు నచ్చని పని. కచేరీ మొదలైన కొద్దిసేపటికే ఓ సైనికుడు కేకలు వేస్తూ, తుపాకీ బాయ్‌నెట్‌తో జనంలోంచి తోసుకుంటూ ముందుకొచ్చాడు. నోరా వీపు అతడి వైపే ఉంది. ఆమె వెనక్కి తిరగలేదు. చెయ్యి ఆపలేదు. పాడేవాళ్ల కళ్లకు మాత్రం అంతా కనిపిస్తోంది. అయినా స్వరం తెగలేదు.

సైనికుడు ఆగాడు. కేకలు ఆగాయి. కచేరీ ముగిసేదాకా అతడు అక్కడే నిలబడి విన్నాడని తర్వాత శిబిరం నుంచి బతికి బయటపడ్డవాళ్లు గుర్తుచేసుకున్నారు. తర్వాతి కచేరీలకు మరికొందరు కాపలావాళ్లు కూడా వచ్చి వినేవాళ్లట.

కథ ఇక్కడితో ఆపేస్తే చాలా అందంగా ఉంటుంది. సంగీతానికి రాళ్లు కరుగుతాయని చెప్పుకోవచ్చు. కానీ నిజం అంతకంటే మొండిది. పాట విన్న సైనికుడు మర్నాడు మళ్లీ టెంకోకు వచ్చాడు. బియ్యం ఒక్క గింజ పెరగలేదు. మందుల పెట్టెలు గొళ్లెం తియ్యలేదు. పాట శత్రువును మార్చలేదు. పాడినవాళ్లకు, విన్నవాళ్లకు మాత్రం ఓ గంటసేపు తాము ఖైదీలమన్న సంగతి గుర్తులేదు. బురద, ఎలుకలు, దుర్వాసన, చీమూ నెత్తురూ ఏవీ గుర్తులేవు. ఎప్పుడో తమ ఊళ్లో, తమ ఇంట్లో, కడుపునిండా తిని కచేరీకి వెళ్లిన మనుషుల్లా మళ్లీ అనిపించింది. బతికివచ్చినవాళ్లు ఏళ్ల తర్వాత కూడా చెప్పింది ఆ గంట గురించే.

యుద్ధంలో పాట పలికిన చోట్లు వేరేవీ ఉన్నాయి. ఫ్రెంచ్ స్వరకర్త మెస్సియాన్ 1941 జనవరిలో జర్మన్ యుద్ధఖైదీల శిబిరంలో తన రచనను ముగ్గురు తోటి బందీలతో కలిసి వినిపించాడు. జర్మన్ ముట్టడిలో ఆకలితో అలమటిస్తున్న లెనిన్‌గ్రాడ్ 1942 ఆగస్టు 9న షోస్తకోవిచ్ ఏడో సింఫొనీని రేడియోలో, లౌడ్‌స్పీకర్లలో విన్నది. రెండూ జగద్విఖ్యాతమైనవి. కానీ వాళ్లకు ఎలాగోలా వాద్యాలు దొరికాయి. వాయించినవాళ్లలో ఆరితేరిన విద్వాంసులున్నారు. పాలెంబాంగ్‌లో పాడినవాళ్లు నర్సులు, టీచర్లు, గృహిణులు, కాలేజీ ఈడు అమ్మాయిలు. చాలామందికి అదే మొదటి కచేరీ.

ఖాళీ అయిన పీటలు

1944లో మరికొన్ని కచేరీలు జరిగాయి. కొత్త రచనలు చేరాయి. ఒంట్లో శక్తి మాత్రం తరిగిపోతూ వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో శిబిరాన్ని బంకా దీవిలోని ముంతోక్‌కు మార్చారు. అక్కడ మలేరియా విజృంభించింది. దానికి బెరిబెరి తోడైంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తప్ప వేరే తిండి లేనప్పుడు బి1 విటమిన్ కరువై వచ్చే జబ్బిది. కాళ్లు నీరు పట్టి ఉబ్బుతాయి, చివరికి గుండె ఆగుతుంది. ఒకప్పుడు మన సర్కారు జిల్లాలనూ పీడించిన రోగమే. ముంతోక్‌లో రోజూ ఎవరో ఒకరిని పాతిపెట్టాల్సి వచ్చేది. గోతులు తవ్వేది కూడా ఆడవాళ్లే. పాడేవాళ్లలోనే రోగులకు సేవ చేసేవాళ్లున్నారు, మోసేవాళ్లున్నారు. వాళ్లూ ఒక్కొక్కరుగా మంచం పట్టారు.

ముందే చెప్పుకున్నట్టు ఈ సంగీతంలో ఎవరి వరస వాళ్లదే. ఒక మనిషి పోతే ఆ వరస సన్నబడుతుంది. ఇద్దరు ముగ్గురు పోతే మధ్యలో ఖాళీ వినిపిస్తుంది. 1945 వచ్చేసరికి ఆర్కెస్ట్రాలో సుమారు సగం మంది లేరు. మిగిలినవాళ్లకు స్వరం నిలబెట్టే ఊపిరి లేదు. కచేరీలు ఆగిపోయాయి. ఎవరూ నిషేధించలేదు. పాడే మనుషులే మిగల్లేదు.

ఏప్రిల్‌లో మళ్లీ తరలింపు. ఈసారి సుమత్రా లోపల, లుబుక్ లింగావ్ దగ్గర బెలలావ్ అనే రబ్బరు తోటకు. ఓడ, రైలు, లారీ... నడవలేనివాళ్లను కూడా ఎక్కించారు. దారిలోనే కొందరు పోయారు. మార్గరెట్ డ్రైబర్గ్ ఆ ప్రయాణాన్ని తట్టుకుని తోట దాకా వచ్చారు కానీ ఎక్కువ రోజులు బతకలేదు. 1945 ఏప్రిల్ 21న కన్నుమూశారు. మరో నాలుగు నెలలు గడిస్తే యుద్ధమే అయిపోయేది.

జపాన్ ఆగస్టు 15న లొంగిపోయింది. ఆ కబురు బెలలావ్ ఖైదీలకు చెప్పింది మాత్రం ఆగస్టు 24న! శిబిరం అధికారి అందర్నీ పిలిపించి, యుద్ధం ముగిసిందని ప్రకటించాడు. ఆ తొమ్మిది రోజుల్లో కూడా మనుషులు చనిపోయారు. సెప్టెంబరులో మిత్రరాజ్యాల సైనికులు రబ్బరు చెట్ల మధ్య ఈ శిబిరాన్ని వెతికి పట్టుకున్నారు. బందీలుగా చిక్కిన ముప్ఫై రెండు మంది ఆస్ట్రేలియా నర్సుల్లో ఎనిమిది మంది శిబిరాల్లోనే పోయారు. ఇరవై నాలుగు మంది ఇంటికి చేరారు. కొలైన్ అక్కచెల్లెళ్లు ముగ్గురూ బతికారు. మగవాళ్ల శిబిరంలో ఉన్న వాళ్ల నాన్న మాత్రం అదే ఏడాది మొదట్లో చనిపోయారు. నోరా భర్త బతికే ఉన్నారు. ముందుగా పంపేసిన కూతురూ క్షేమంగా దొరికింది.

అటకెక్కిన స్వరాలు

బయటపడ్డవాళ్లు ఈ కచేరీల గురించి ఎక్కువగా మాట్లాడలేదు. బెట్టీ జెఫ్రీ తాను శిబిరంలో దాచిపెట్టుకున్న డైరీ ఆధారంగా 1954లో ‘వైట్ కూలీస్’ అనే పుస్తకం తెచ్చారు. ఆస్ట్రేలియాలో దాన్ని బాగా చదివారు. మిగతా ప్రపంచానికి ఈ సంగీతం సంగతే తెలియదు.

శిబిరంలో స్వరలిపిని ఎవరికి వాళ్లు చేత్తో నకలు రాసుకునేవాళ్లు. ఆంటోనెట్ కొలైన్ అలా రాసుకున్న పుస్తకాన్ని తరలింపుల్లో, జబ్బుల్లో కూడా వదల్లేదు. యుద్ధం తర్వాత అది దశాబ్దాలపాటు ఇంట్లోనే ఉండిపోయింది. అక్క హెలెన్ అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. 1980లో అక్కచెల్లెళ్లు ఆ రాతప్రతిని అక్కడి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి ఇచ్చారు. దగ్గర్లోనే పాలో ఆల్టోలో ‘పెనిన్సులా విమెన్స్ కోరస్’ అనే మహిళా గాన బృందం ఉంది. దాని నిర్దేశకురాలు ప్యాట్రీషియా హెన్నింగ్స్ ఆ స్వరాలను చూశారు. తన బృందంతో సాధన చేయించి పాడించారు. నలభై ఏళ్ల తర్వాత ఆ సంగీతం మళ్లీ గాలిలో వినిపించింది. ప్రేక్షకుల్లో శిబిరం నుంచి బతికి బయటపడ్డవాళ్లు కొందరున్నారు.

ఆ కచేరీ చుట్టూ అల్లిన డాక్యుమెంటరీ ‘సాంగ్ ఆఫ్ సర్వైవల్’ 1985లో వచ్చింది. అదే పేరుతో హెలెన్ 1995లో పుస్తకం రాశారు. 1997లో దర్శకుడు బ్రూస్ బెరెస్‌ఫర్డ్ ‘ప్యారడైజ్ రోడ్’ అనే సినిమా తీశారు. నోరా ప్రేరణతో మలిచిన పాత్రలో గ్లెన్ క్లోజ్, డ్రైబర్గ్ ప్రేరణతో మలిచిన పాత్రలో పౌలిన్ కాలిన్స్ నటించారు. సినిమా కాబట్టి పేర్లు మార్చారు, కొన్ని ఘటనలు కల్పించారు, హింస పాళ్లు అక్కడక్కడా పెంచారు. సంగీతం విషయంలో మాత్రం కల్పన జోలికి పోలేదు. అందులో వినిపించేవి శిబిరంలో రాసుకున్న అసలు స్వరాలే. నెదర్లాండ్స్‌లోని హార్లెం పట్టణానికి చెందిన ఓ మహిళా బృందం వాటిని పాడింది. ఆకలితో కాకుండా నిండు ఊపిరితో పాడిన పాట అది. వినే తీరిక ఉన్నవాళ్లకు ఆ రికార్డింగు ఇప్పటికీ దొరుకుతుంది.

నోరా చాంబర్స్ చివరి రోజుల్లో భర్తతో కలిసి ఇంగ్లిష్ ఛానల్‌లోని జెర్సీ దీవిలో ఉండేవారు. 1989లో కన్నుమూశారు. డాక్యుమెంటరీ తీసేనాటికి ఇంకా బతికే ఉన్నారు. శిబిరంలో ఏ స్వరాన్ని ఎలా పలికించారో కెమెరా ముందు ఆమె చెప్పగలిగారు. డ్రైబర్గ్ రాసిన బందీల గీతాన్ని ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో ఆనాటి మృతుల సంస్మరణ సభల్లో ఇప్పటికీ పాడుతుంటారు. ఆర్కెస్ట్రా స్వరాలను కూడా వేర్వేరు దేశాల మహిళా బృందాలు తెప్పించుకుని పాడుతున్నాయి. వాటిలో ఏ భాషా లేదు కాబట్టి అనువాదం అక్కర్లేదు. కాగితం మీద నాలుగు వరసలు ఉంటాయి, ప్రతి వరస కిందా ‘ఆ’, ‘ఊ’ లాంటి అక్షరాలు ఉంటాయి. కావలసింది ఆ నాలుగు వరసలకూ సరిపడా మనుషులు.